సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక మిర్చి బస్తా వెంట నడవండి

రెండేళ్ల కింద పరకాల నుంచి ఒక కిరాణా సేటు ఫోన్ చేశాడు. "ఏందమ్మా, మీ కారంల పురుగు తేలింది. ప్యాకెట్ మీద నంబర్ చెప్తా, రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. బ్యాచ్ నంబర్ మా ప్యాకెట్ల మీద మొదటినుంచీ ఉంది, ఆహార చట్టం ప్రకారం ఉండి తీరాలి. కానీ ఆ నంబర్ పట్టుకుని వెనక్కి వెళ్తే ఆ కారం ఏ బస్తాల్లోంచి వచ్చిందో, ముందుకు వెళ్తే ఇంకా ఏయే దుకాణాలకు చేరిందో చెప్పే కాగితం మాత్రం మా దగ్గర లేదు. మిల్లు పుస్తకం ఒకచోట, గోదాం పుస్తకం ఇంకోచోట, బిల్లులు టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో. మూడు రోజులు వెతికి, దొరక్క, ఆ నెలలో పంపిన 340 కిలోలూ ఆటో ట్రాలీల్లో వెనక్కి తెప్పించాం. అందులో నిజంగా పాడైంది ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో మాదో చిన్న మిల్లు. బాపు పెట్టింది. కారం, పసుపు, ధనియాల పొడి పట్టి, నర్సంపేట, పరకాల, ములుగు, జనగామ, మహబూబాబాద్ వైపు దుకాణాలకు వేస్తాం. బాపుకు గుండె ఆపరేషన్ అయినప్పటినుంచి నేను చూస్తున్నా. బీకాం చదివాను, కంప్యూటర్ అంటే భయం లేదు. అయినా సప్లై చైన్ సాఫ్ట్‌వేర్ మొదటిసారి తప్పుగా కొని 1,85,000 రూపాయలు పోగొట్టుకున్నాను. రెండోసారి కుదిరింది. ఆ రెండింటి మధ్య నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. మీది మిర్చి కాకపోవచ్చు, విత్తనాలో పైపులో మందులో కావచ్చు. పద్ధతి పెద్దగా మారదు.

ముందు మీ సరుకు ఎట్లా నడుస్తుందో చూడండి

సప్లై చైన్ అనగానే పెద్ద మాటలా వినిపిస్తుంది. మా లెక్కలో అది అడ్తి (మార్కెట్‌లో కమిషన్ మీద సరుకు అమ్మిపెట్టే కొట్టు) దగ్గర మొదలై, కోల్డ్ స్టోరేజీ, మిల్లు, ప్యాకింగ్, ట్రాలీ, దుకాణం దాటి, డబ్బు తిరిగి మా గల్లా పెట్టెకు వచ్చేదాకా నడిచే దారి. ఆ దారిని నేను ఏనాడూ మొదటినుంచి చివరిదాకా నడిచి చూడలేదు. ఎవరి ముక్క వాళ్లకు తెలుసు. మా గోదాం చూసే కాకకు గోదాం తెలుసు, నాకు బిల్లులు తెలుసు, బాపుకు అడ్తిదారులు తెలుసు.

అందుకని ఒక నోట్‌బుక్ కొని, 20 బస్తాల ఒకే లాటు (ఒకేసారి కొన్న సరుకు) వెంట పడ్డాను. మార్కెట్‌లో కాంటా వేసిన నిమిషం నుంచి ప్యాకెట్ దుకాణం అరలో కూర్చునేదాకా. సరుకు చెయ్యి మారిన ప్రతిసారీ ఎవరు ఎవరికిచ్చారు, ఎంత బరువు, ఎక్కడ రాశారు అని గీసుకున్నాను. తొమ్మిది చోట్ల చెయ్యి మారింది. అందులో నాలుగు చోట్ల ఎవరూ ఏమీ రాయడం లేదు.

ఆ లాటు బరువు లెక్క ఇక్కడ పెడుతున్నా. మా దగ్గర సాఫ్ట్‌వేర్ నిలిచేదీ పడేదీ ఇక్కడే.

మార్కెట్ కాంటాలో 812 కిలోలు. కోల్డ్ స్టోరేజీ నుంచి తీశాక మిర్చికి చెమ్మ పడుతుంది, ఎండబెట్టక తప్పదు. ఆరాక 798. తొడిమలు తీస్తే 54 కిలోలు పోయి 744. మిల్లులో పట్టాక చేతికొచ్చిన కారం 733. అంటే 79 కిలోలు దారిలో కరిగిపోయాయి. దొంగతనం కాదు, సరుకు స్వభావమే అంత. కిలో 150 చొప్పున కొన్న ఈ లాటు ఖరీదు 1,21,800. దాన్ని 733తో భాగిస్తే కిలో కారానికి మిర్చి ఖర్చే 166 రూపాయలు పడింది. కూలి, కరెంటు, కవరు ఇంకా కలపనే లేదు. "మీ కారం ఖరీదు 150" అని చూపించే సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ధర కడితే, కిలోకు 16 రూపాయలు మనమే ఎదురు ఇచ్చినట్టు.

ఇంకో చిక్కు. మేం ఒకే రకం పట్టం. ఘాటుకు తేజ, రంగుకు చపాటా కలుపుతాం. చపాటా మన వరంగల్ వైపు పంట, కొందరు టమాట మిర్చి అంటారు. 2025లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఏడు తేజ మరీ ఘాటుగా ఉంటే కలిపే పాళ్లు మారుస్తాం. కాబట్టి ఒక బ్యాచ్ కారం వెనక రెండు మూడు లాట్లు ఉంటాయి, వాటి నిష్పత్తి ప్రతిసారీ ఒకటే ఉండదు. ఈ సంగతి తెలియకుండానే నేను మొదటి సాఫ్ట్‌వేర్ కొన్నాను.

మొదటిసారి ఏం జరిగిందంటే

కంపెనీ పేరు వద్దు. ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. డెమోలో పెన్నులు, షర్టులు చూపించారు. వంద పెన్నులు కొన్నాం, ముప్పై అమ్మాం, డెబ్బై మిగిలాయి. రంగురంగుల గ్రాఫులు. బాపు కూడా "బాగుందిరా" అన్నాడు. పెన్ను ఆరబెడితే బరువు తగ్గదు, పెన్నుకు తొడిమ ఉండదు అని ఆ రోజు మా ఇద్దరికీ తట్టలేదు.

కొన్నాక తెలిసింది, అందులో ఒక సరుకు లోపలికి పోయి ఇంకో సరుకై బయటికి రావడమనే ఏర్పాటే లేదు. అడిగితే "అది కస్టమైజేషన్ మేడం, రోజుకు ఇంత" అన్నారు. ఫోన్ యాప్‌కు నెట్ ఉండాలి, మా గోదాం రేకుల షెడ్డు, లోపల సిగ్నల్ రాదు. కాక ఎంట్రీలు కాగితం మీద రాసి రాత్రి నాకిచ్చేవాడు, నేను కొట్టేదాన్ని, రెండు రోజులు ఆలస్యం. అయిదు నెలలకు సాఫ్ట్‌వేర్‌లో 2,140 కిలోల కారం, గోదాంలో 1,610. సరే, ఆపేద్దాం, మా డేటా మాకివ్వండి అంటే పీడీఎఫ్‌లు ఇచ్చారు. పీడీఎఫ్‌లోంచి అయిదు నెలల లావాదేవీలు మళ్లీ కొట్టుకోవడం కన్నా మొదటినుంచి మొదలుపెట్టడమే నయమనిపించింది, అట్లే చేశాం.

మీ చెడ్డ రోజును కాగితం మీద పెట్టండి

రెండోసారి డెమోకు పిలిచేముందు ఒక పేజీ రాసుకున్నాను. మార్చి నెలలో నిజంగా జరిగిన ఒక రోజు, మా దగ్గర అన్నీ అడ్డం తిరిగిన రోజు. పొద్దున మార్కెట్ నుంచి మూడు లాట్లు వచ్చాయి, ఒకదాని పట్టీలో (అడ్తి ఇచ్చే లెక్క చీటీ) బరువు తప్పు. కోల్డ్ స్టోరేజీలో 60 బస్తాలుంటే 20 మాత్రం విడిపించాం. బ్యాచ్ సగం పట్టాక కరెంటు పోయింది, మిగతాది మర్నాడు పట్టాం. నర్సంపేట దుకాణం 14 ప్యాకెట్లు వాపసు పంపింది, అందులో రెండు చిరిగినవి, మిగతావి మళ్లీ అమ్మొచ్చు. ట్రాలీ మూడు దుకాణాల సరుకుతో వెళ్లింది, ఒక దుకాణం మూసి ఉంది. ఆ రోజే డజనుకు ఒకటి ఫ్రీ స్కీము.

వచ్చిన ప్రతి కంపెనీకీ ఈ కాగితం ఇచ్చి, "మీ పెన్నులు వద్దు, ఇది నా ముందు కొట్టి చూపించండి" అన్నాను. పక్కన కాకను కూర్చోబెట్టాను. అయిదుగురు వచ్చారు. ఇద్దరు "ముందు ఆర్డర్ ఇవ్వండి, తర్వాత సెట్ చేస్తాం" అన్నారు, వాళ్లకు టీ ఇచ్చి పంపేశాను. ఒకతను ఫ్రీ ప్యాకెట్ దాకా వచ్చి ఆగిపోయాడు. ఫ్రీ ఇచ్చిన ప్యాకెట్ బిల్లులో సున్నా ధరకు వెళ్తోంది కానీ స్టాక్‌లోంచి తగ్గడం లేదు. అది ఒక్కటే చాలు, నెల తిరిగేసరికి లెక్క చెడటానికి. మిగిలిన ఇద్దరిలో ఒకరిది తీసుకున్నాను.

డెమో చివర్లో నేనడిగిన ప్రశ్న పరకాల సేటు ప్రశ్నే. "ఈ బ్యాచ్ నంబర్ నొక్కితే వెనక లాట్లు, ముందు దుకాణాలు ఒకే తెర మీద రావాలి. వస్తాయా?" తిండి సరుకు వ్యాపారం చేసేవాళ్లు ఇది తప్పకుండా అడగండి. ముందు గడువు తీరే బ్యాచ్ ముందు బయటికి పోయేట్టు అదే చెప్పాలి. మనం గుర్తుపెట్టుకుని ఏరుకోవాల్సి వస్తే అది రిజిస్టర్ కన్నా మేలేమీ కాదు.

కాక ఏమన్నాడో వినండి

గోదాంలో ఎంట్రీ కొట్టేది నేను కాదు, కాక. అందుకే ఫోన్ ఆయన చేతికే ఇచ్చి, కుర్రాడిని పక్కకు జరగమన్నాను. కాక తెర మీద వేలు పెట్టి చాలాసేపు చూసి, "ఏడ కొట్టాలె బిడ్డా, అన్నీ ఇంగ్లీషే ఉన్నయ్" అన్నాడు. తెలుగు మెనూ ఉంటే మంచిదే, కానీ కొన్నిటిలో ఆ తెలుగు మనకే అర్థం కాదు. మేం అడిగి మార్పించింది వేరు. పదకొండు గడులున్న తెరను నాలుగు గడులకు తగ్గించారు. లాటు నంబర్, బస్తాలు, బరువు, ఎటు పోయింది. మిగతావి ఆఫీసులో నేను నింపుకుంటా. నెట్ లేకపోయినా ఫోన్‌లో నిలిచి, సిగ్నల్ రాగానే ఎక్కాలి అన్నాను. డెమోలోనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మూడు ఎంట్రీలు కొట్టించి, మళ్లీ ఆన్ చేసి చూశాను. మీరు కూడా అట్లే చూడండి, నోటిమాట నమ్మకండి.

బార్‌కోడ్‌ల దగ్గర మేం చిత్తుగా ఓడిపోయాం. ప్రతి బస్తాకూ స్టిక్కర్ అంటించి కోల్డ్ స్టోరేజీకి పంపాం. తీసేనాటికి సగం స్టిక్కర్లు ఊడి నేల మీద. గోనె మీద జిగురు నిలవదు, పైగా తేమ. కాక నవ్వాడు. "కంప్యూటర్‌కు చెమ్మ సంగతేం ఎర్క?" ఇప్పుడు బస్తా మీద నల్ల పెయింట్‌తో లాటు నంబర్, సుతిలితో కట్టిన ప్లాస్టిక్ బిళ్ల ఒకటి. స్కానర్ వాడేది ప్యాకింగ్ దగ్గర, అట్టపెట్టెల మీద మాత్రమే. స్కానర్ల కోసం పెట్టిన డబ్బులో సగం అనవసరం.

కోల్డ్ స్టోరేజీ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. అక్కడి సరుకు మనదే, జాగా మనది కాదు. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని వేరే గోదాంగా చూపించగలగాలి, బాండ్ (స్టోరేజీ వాళ్లిచ్చే రసీదు) నంబర్ పక్కన ఉండాలి, అద్దె కూడా ఆ లాటు ఖర్చులోకే చేరాలి. నిజామాబాద్ నుంచి తెచ్చే పసుపు కొమ్ములకూ ఇంతే, దారిలో లారీలో ఉన్న సరుకు ఎవరి లెక్కలో ఉందో కనిపించాలి.

అసలు కొత్తది కొనాలా

ఇది మొదట రాయాల్సింది. మా ఆడిటర్ గారు రెండోసారి కొనేముందు ఒక మాటన్నారు. "అమ్మా, నీ టాలీలో గోదాంలు, బ్యాచ్‌లు, మాన్యుఫాక్చరింగ్ జర్నల్ ఉన్నయి. ఆన్ చేసి చూసినవా?" చూడలేదు. మాన్యుఫాక్చరింగ్ జర్నల్ అంటే ఒక సరుకు ఇంకో సరుకుగా మారడాన్ని రాసే చోటు. మనలో చాలామంది టాలీని బిల్లులకు, జీఎస్టీకి తప్ప ఇంకొకదానికి తెరవరు. ఒకే గోదాం, యాభై లోపు ఐటమ్‌లు, ఎంట్రీ కొట్టేది ఒక్కరే అయితే ముందు అందులోనే బ్యాచ్‌లు పెట్టి ఒక సీజన్ నడపండి. అప్పటికీ సరిపోకపోతే ఎక్కడ సరిపోలేదో మీకే తెలుస్తుంది, అదే రేపటి డెమో కాగితం.

దానిపైన జోహో ఇన్వెంటరీ, మార్గ్, బిజీ లాంటి సాఫ్ట్‌వేర్‌లు. ఇంకా పైన ఈఆర్‌పీలు, అంటే కొనుగోలు నుంచి ఖాతాల దాకా వ్యాపారమంతా ఒకేచోట నడిపేవి. ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్, లైసెన్సుకు డబ్బు లేదు, కానీ సర్వరుకు, పెట్టి నడిపించే మనిషికి డబ్బు కావాలి. ఉచితం అని మురిసిపోయి మనిషి లేక మూలన పడేసిన వాళ్లను చూశాను. ఒడూలో ఉచితంగా వచ్చే కమ్యూనిటీ ఎడిషన్‌లో పూర్తి అకౌంటింగ్ ఉండదు. ఎస్ఏపీ బిజినెస్ వన్ దాకా వెళ్లాల్సిన అవసరం మా సైజు వాళ్లకు కనబడదు. మేం ఖాతాలు టాలీలోనే ఉంచి, సరుకు దారి అంతా వేరే ప్రోగ్రాంలో పెట్టి రెండిటినీ కలిపాం. ఇట్లా కలిపితే ఒకటి ముందే తేల్చుకోండి. బిల్లు ఎక్కడ పుడుతుంది? రెండు చోట్లా పుట్టనిస్తే నెలాఖరున ఏది నిజమో చెప్పేవాళ్లుండరు. మా దగ్గర బిల్లు సరుకు ప్రోగ్రాంలో పుట్టి టాలీలోకి పోతుంది, అటునుంచి ఇటు రాదు.

జీఎస్టీ దగ్గర చూసుకోవాల్సినవి

50,000 రూపాయలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ రవాణా పత్రం) కావాలి, తెలంగాణ లోపల తిరిగే సరుకుకు 2018 ఏప్రిల్ 15 నుంచి ఉంది. సాఫ్ట్‌వేర్ నుంచే పుట్టాలి, పోర్టల్‌లో మళ్లీ కొట్టడం ఉండొద్దు. అందరూ ఇది చేస్తామంటారు. మీరడగాల్సింది, జనగామ దగ్గర ట్రాలీ ఆగిపోయి బండి మారిస్తే కొత్త బండి నంబర్ ఫోన్‌లోంచే ఎక్కించగలమా అని. ఆ బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు, దాటబోతుంటే ముందే చెప్తుందా అని.

ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించి నంబర్ తీసుకోవడం, టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు, 2023 ఆగస్టు 1 నుంచి. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాదిలో దాటినా వర్తిస్తుంది, కాబట్టి ఈ ఏడు తగ్గింది కదా అని ఊరుకోకండి. ఒకసారి నంబర్ పడ్డాక పోర్టల్‌లో రద్దు చేయడానికి 24 గంటలే. ఆ తర్వాత క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ రాసే పత్రం) దారి. డెమోలో నిన్నటి తప్పు బిల్లును దిద్దమనండి. బిల్లును నిశ్శబ్దంగా చెరిపేసి కొత్తది రాసే సాఫ్ట్‌వేర్ అయితే మొహమాటం లేకుండా వద్దనండి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెరగకుండా ఉండాలని కంపెనీలకైతే 2023 ఏప్రిల్ నుంచి చట్టమే ఉంది. మాది కంపెనీ కాదు, అయినా ఆ లాగ్ (మార్పుల చిట్టా) వల్లే ఒకసారి ఇంట్లో గొడవ తప్పింది, ఆ కథ ఇక్కడ వద్దు.

డబ్బు, ఒప్పందం

నెలకు యూజర్‌కు 900 అంటే తక్కువే అనిపిస్తుంది. ఆరుగురికి మూడేళ్లు లెక్కేస్తే 1,94,400. కూర్చుని చూస్తే మాకు నిజంగా కావాల్సింది ముగ్గురే. సగానికి, 97,200కు దిగింది. ఎప్పుడూ మూడేళ్ల లెక్కే వేయండి. అందులో పెట్టి ఇచ్చే ఖర్చు, శిక్షణ, మార్పులకు తీసుకునేది, రెండో ఏడు నుంచి పెంచేది, అన్నీ కలపండి. పెంపు ఎంతకు మించదో రాయించుకోండి. సీజన్‌లో మాత్రమే అదనంగా ఒక యూజర్ పెట్టుకోవచ్చా అని అడగండి, మాకు ఒప్పుకున్నారు.

మొత్తం డేటా ఎక్సెల్‌లో మనమే ఎప్పుడంటే అప్పుడు దించుకోగలగాలి, లాట్లు, బ్యాచ్‌లు, లావాదేవీలతో సహా. డెమో రోజే దించి, తెరిచి చూసి, అప్పుడు మాట్లాడండి. ఇంకో చిన్న పని. కొనేముందు వాళ్ల సపోర్ట్ నంబర్‌కు సాయంత్రం ఆరు దాటాక మామూలు కస్టమర్‌లా ఫోన్ చేయండి. ఎవరు ఎత్తారు, తెలుగులో చెప్తే అర్థమైందా, తిరిగి చేశారా. ఇద్దరిలో ఒకరిని ఎంచుకునేటప్పుడు నాకు తేడా తెలిసింది ఇక్కడే.

పెట్టడానికి ఆషాఢం ఎంచుకున్నాం. మార్కెట్‌లో మిర్చి జోరుగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఎవరూ కొత్తది ముట్టొద్దు. ముందు పేర్లు శుభ్రం చేశాను. 200 గ్రాముల కారం ప్యాకెట్‌కు మా పుస్తకాల్లో ఏడు పేర్లున్నాయి. ఒకటి ఉంచి ఆరు తీసేయడానికి, అట్లా అన్ని ఐటమ్‌లకూ, రెండు వారాలు పట్టింది. అమావాస్య నాడు మిల్లు ఆపి, ప్రతి బస్తా కాంటా మీద పెట్టి, ఆ అంకెతోనే మొదలుపెట్టాం. పాత పుస్తకం ఒక్క నెల పక్కన నడిపాం. మూడు నెలలు నడపమని కొందరన్నారు. అట్లా చేస్తే అందరూ పుస్తకమే రాస్తారు, ఫోన్ మూలన ఉంటుంది.

చివరి విడత డబ్బు, మొత్తంలో మూడో వంతు, గోదాం లెక్క వరుసగా రెండు నెలలు కలిసేదాకా ఇవ్వనని ముందే రాయించాను. మొదటి నెల 31 కిలోలు తేడా. రెండో నెల 9. ఆ 9 కిలోల కోసం నేను కంపెనీ కుర్రాడితో ఫోన్‌లో గంటసేపు గొడవపడ్డాను. మా ఎంట్రీలన్నీ ఒక్కొక్కటే చదివించాడు పాపం. కాక వింటూ ఉండి, ఎదురుగా ఉన్న కాంటా మీద 20 కిలోల రాయి పెట్టాడు. 19.850 చూపించింది. కాంటాకు తూనికల శాఖ వేసే ముద్ర గడువు ఎప్పుడో దాటిపోయింది. కుర్రాడికి సారీ చెప్పి డబ్బు పంపాను, మర్నాడు కాంటా వాణ్ని పిలిపించాం.